హడ్సన్ లోయలో యంత్రవిరామము

న్యూయార్కు నగరపు గ్రాండ్ సెంట్రల్ స్టేషనునుండి బయలుదేరి, హడ్సన్ నది తూర్పుగట్టును ఒరసికొనుచు ఉత్తరాభిముఖముగా సాగిపోవు రైలుబండిలో ఎడమప్రక్క కిటికీకడ చోటు దొరకిన యాత్రికుడు, పోకిప్సీ చేరువరకు చేతిలోని పుస్తకమును తెరువకుండుటయే మేలు. దారి పొడవు 120 కిలోమీటర్లకు కొంచెము తక్కువ, కాలము సుమారు రెండు గంటలు; అంత స్వల్పదూరములో ఇంత వైవిధ్యమును చూపు రైలుమార్గములను నేను ఎక్కువగా ఎరుగను. నగరము వీడిన కొంతసేపటికే ఆవలిగట్టున పాలిసేడ్స్ అను నిలువు శిలాప్రాకారము కానవచ్చును. ఆసినింగ్ వద్ద సింగ్ సింగ్ కారాగారపు ఆవరణము నడుమనుండియే పట్టాలు సాగును. క్రోటన్ హార్మన్ స్టేషనుకడ, బండికి ప్రక్కనుండి విద్యుత్తు నందించు మూడవ పట్టా అంతమగును. పూర్వకాలమున దూరపు బండ్లు ఇచ్చట ఆగి, విద్యుత్తు ఇంజనును విప్పి, ఆవిరి ఇంజనును తగిలించుకొని ముందుకు పోయెడివి. ఇప్పటి ఇంజనులు విద్యుత్తు, డీజిలు అను రెండు విధములను తమలోనే ఇముడ్చుకొన్నవి గనుక ఆ మార్పు ప్రయాణికునకు తెలియనే తెలియదు. అటుపై కొండలు ఇరుప్రక్కలనుండియు నదిని నొక్కివేయును. 1924లో కట్టిన బేర్ మౌంటెన్ వేలాడు వంతెన, దానికి ఎగువన ఆవలిగట్టున వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయపు బూడిదవన్నె కట్టడములు, ఇంకను ఎగువన పొలెపెల్ ద్వీపముపై ఒక ఆయుధవ్యాపారి తన సరకు దాచుటకు కోటవలె కట్టించుకొన్న గిడ్డంగి శిథిలములు, ఒకదాని వెంట నొకటి కిటికీలో నిలిచి తొలగిపోవును. నీరు మాత్రము ఎటు పారుచున్నదో తేల్చుకొనుట కష్టము. సముద్రపు పోటు పోకిప్సీకిని ఎంతో ఎగువనున్న ట్రాయ్ పట్టణము వరకు ఈ నదిలో ఎక్కివచ్చుచుండును.

ఇదే దారిని 1964 ఏప్రిల్ 7వ తేదీన విలేఖరులతో నిండిన ప్రత్యేకపు బండి యొకటి పోకిప్సీకి పోయినది. ఆనాడు ఐబీఎం సంస్థాధిపతి థామస్ వాట్సన్ జూనియర్ సిస్టమ్ 360 అను యంత్రకుటుంబమును లోకమునకు ప్రకటించెను. చిన్నదైనను పెద్దదైనను ఒకే ఆజ్ఞలను గ్రహించు యంత్రములను వరుసగా నిర్మింపవచ్చునన్న ఆ సంకల్పమునకు జీన్ ఆమ్డాల్, ఫ్రెడ్ బ్రూక్స్, గెరిట్ బ్లావ్ ప్రభృతులు రూపమిచ్చిరి. ఆ కాలమున వ్రాసిన ప్రోగ్రాములు నేటి యంత్రములపై సైతము నడువగలుగునట్లు ఆ వంశము అరువదియేండ్లుగా కాపాడబడుచున్నది. బ్యాంకు కొలువులో జీవితపు పెద్దభాగము గడిపి, ప్రతిదినము సాయంకాలము లెక్క సరిపోవువరకు కుర్చీనుండి లేవని అలవాటు గల నాకు, ఈ విశ్వాసపాత్రత యెడల గల గౌరవము చిన్నది కాదు.

పోకిప్సీ మధ్యమప్రమాణపు పట్టణము. దక్షిణముగా పోవు సౌత్ రోడ్డు మీద, తంతివార్తను వ్యాపింపజేసిన శామ్యూల్ మోర్స్ 1847లో కొనుక్కొన్న లోకస్ట్ గ్రోవ్ అను ఇల్లు నేటికిని పదిలముగా నున్నది. ఆ రోడ్డు మీదనే ఐబీఎం వారి విశాలమైన కర్మాగార ప్రాంగణమును గలదు. ఊరికి తూర్పున నున్న వాసర్ కళాశాలలో గ్రేస్ హాపర్ చదివి, 1928లో పట్టభద్రురాలై, పిమ్మట అక్కడనే గణితము బోధించెను. కోబాల్ అను ప్రోగ్రామింగు భాషకు పునాదిగా నిలిచిన ఫ్లో మ్యాటిక్ ఆమె బృందపు సృష్టియే. బ్యాంకుల లెక్కలలో ఎంతభాగము నేటికిని కోబాల్ వాక్యములలో నడచుచున్నదో తెలిసినవాడు ఈ కళాశాల చెట్లనీడను నడచునపుడు ఒక్కక్షణమైనను నిలువక మానడు. సాయంకాలము నేను నదిమీది పాత రైలువంతెన నెక్కితిని. 1889లో తెరచిన ఆ వంతెన 1974లో అగ్నిప్రమాదమునకు గురియై, రైళ్లకు పనికిరాక ముప్పది యేండ్లకు పైగా అట్లే నిలిచి, 2009లో పాదచారులకు వంతెనగా మారినది. రెండు కిలోమీటర్లకు పైబడిన పొడవు. క్రింద నీరు 60 మీటర్లకు మించిన లోతున. అంతటి ఇనుపకట్టడము ఒక మధ్యాహ్నపు మంటతో ఆగిపోవలసివచ్చుటయు, మరల నడచుటకు ఒక తరము పట్టుటయు తలచుకొనుచు నేను అవతలిగట్టుకు పోతిని. ఏలయన నేను చూడవచ్చినది ఆపుటయను పనినే.

మా చెల్లెలి కుమారుడు ఈ లోయలోని ఒక సంస్థ యంత్రశాలలో ఉద్యోగి. ఆ రాత్రి వారి శాలలో విద్యుత్తు మార్చు పరికరములను తీసి క్రొత్తవి బిగించు పని యుండుటచే, మెయిన్‌ఫ్రేములనబడు రెండు పెద్ద యంత్రములలో ఒకదానిని పూర్తిగా ఆపవలసియున్నది. రెండవది వేరొక హాలులో యథావిధిగా నడువవలెను. ముందుగా అనుమతి పొందియుండుటచే నేను అద్దపు గోడకు ఈవల, ఆపరేటర్ల గదిలో ఒక మూల కూర్చుండి చూడగలిగితిని.

ఒక్క పెద్ద యంత్రమును, ఒకదాని సంగతి ఇంకొకదానికి అంటకుండునట్లు, పలు యంత్రములుగా విభజించి నడపుటకు పార్టిషన్ అని పేరు. 1960 దశకమున ఐబీఎం వారి కేంబ్రిడ్జి కేంద్రములో రాబర్ట్ క్రీసీ బృందమువారు సాఫ్ట్‌వేరుతో కల్పితయంత్రములను సృష్టించి యుండిరి. 1980 దశకమున, ఐబీఎం వీడిపోయిన ఆమ్డాల్ స్థాపించిన సంస్థ యంత్రములోననే విభాగములు ఏర్పరచు ఉపాయమును తెచ్చెను. 1988లో ఐబీఎం తన 3090 యంత్రములకు పీఆర్ ఎస్ఎం అను ఏర్పాటును ప్రకటించెను. నేటి పెద్ద యంత్రములలో 85 పార్టిషన్ల వరకు నిలుపవచ్చును. ఆ రాత్రి ఆపవలసిన యంత్రములో నున్నవి అయిదు: జెడ్ ఓఎస్ అను ఆపరేటింగ్ సిస్టముతో దైనందిన లావాదేవీలను నడపు ప్రొడక్షన్ పార్టిషన్లు రెండు, పరీక్షలకు వాడునది ఒకటి, జెడ్ వీఎం క్రింద లినక్స్ సర్వర్లు నడచునది ఒకటి, ఈ రెండు హాళ్ల ప్రొడక్షన్ పార్టిషన్లకు ఉమ్మడి తాళములను, ఉమ్మడి జ్ఞాపకమును సమకూర్చు కప్లింగ్ ఫెసిలిటీ ఒకటి.

"మామయ్యా, మీట నొక్కితే యంత్రం ఆగిపోతుంది. అది ఎవరైనా చెయ్యగలరు. ఆగేముందు ఎవరు ఎవరిమీద ఆనుకుని ఉన్నారో తెలుసుకోవడమే మా పని," అని మా అబ్బాయి ముందుగానే చెప్పియుండెను. అతడు చేతికిచ్చిన రన్‌బుక్కు, అనగా ఆ రాత్రి చేయవలసిన పనుల వరుస వ్రాసిన పుస్తకము, ఈ ఒక్క సూత్రముపైననే అల్లబడియున్నది: ఆశ్రయము పొందునది ముందు ఆగవలెను, ఆశ్రయమిచ్చునది వెనుక ఆగవలెను. ప్రోగ్రాములు డేటాబేసుకంటె ముందు, డేటాబేసు ఆపరేటింగ్ సిస్టముకంటె ముందు, ఆపరేటింగ్ సిస్టము పార్టిషనుకంటె ముందు, పార్టిషన్లన్నియు ఆగిన పిదపనే యంత్రపు విద్యుత్తు. ఈ వరుస తప్పినచో సాధారణముగా యంత్రమునకు హాని లేదు, హాని వ్రాతకు. ఇంకను డిస్కుకు చేరక జ్ఞాపకములోననే యున్న సమాచారము నశించును. సగము జరిగిన లావాదేవీలను మరునాడు లాగ్ అను నమోదును చూచి వెనుకకు త్రిప్పవలసివచ్చును. ఆ పని ముగియువరకు ఆ లెక్కలను ఎవ్వరును ముట్టరాదు. ఒక పింఛనుదారు ఆ ఉదయమే కౌంటరు వద్ద నిలుచుండినచో ఏమి చెప్పుదురో నేను చూచినవాడను. అందుచేత ఈ విషయమును నేను కేవల యంత్రకౌశలముగా తలపజాలను.

పరీక్షల పార్టిషన్ నిమిషములలో ముగిసెను. దానిని గురించి చెప్పదగినది లేదు. లినక్స్ పార్టిషనుకు కొంచెము ఓర్పు కావలసివచ్చెను. అది ఒక పార్టిషనుగా కానవచ్చినను, దానిలో జెడ్ వీఎం పాలనయందు పెక్కు సర్వర్లు కాపురమున్నవి. జెడ్ వీఎం మూతకు ఆజ్ఞ పొందినపుడు తన అతిథులందరికి ముందుగా వార్త పంపి, నియమితమైన గడువువరకు వేచియుండును. గడువు చాలని పక్షమున ఇంకను లేచియున్న అతిథిని నిర్బంధముగా దింపివేయును గనుక, ఆ గడువు ఎంత యుండవలెనన్నది ముందే తెలిసి నిర్ణయింపవలసిన మాట. ఈ శాలవారు నెమ్మదిగా ఆగు ఒక సర్వరును దృష్టిలో నుంచుకొని దానిని పొడిగించిరి. చివరి అతిథి తానై నిద్రపోయిన పిదపనే ఇల్లు మూతపడెను.

ప్రొడక్షన్ పార్టిషన్లకడ అసలు రాత్రి మొదలాయెను. ముందుగా క్రొత్త లావాదేవీలు రెండవ హాలువైపునకు మళ్లింపబడినవి. లావాదేవీలను నడపు సీఐసీఎస్ విభాగములు ఒక్కొక్కటియే క్రొత్తవారిని గ్రహించుట మాని, లోపల నున్నవారిని సాగనంపి మూసికొన్నవి. అటుపై డీబీ2 డేటాబేసు. దానిని ఆపుటకు రెండు పద్ధతులు గలవు: క్వయెస్ అన్నచో నడచుచున్న పనులను ముగియనిచ్చి ఆగును, ఫోర్స్ అన్నచో నడుచువానిని త్రెంచివేయును. వీరు మొదటిదానిని పలికిరి. సమస్తమును సద్దుమణిగినది గాని, ఒక్క బ్యాచ్ జాబు, ఎవరో ఆలస్యముగా ప్రారంభించిన పెద్ద సవరణ, ముగియక నిలిచియుండెను. విద్యుత్తు పనివారు హాలు ద్వారముకడ కాచుకొనియుండిరి. వారి గడువు దగ్గరపడుచుండెను.

షిఫ్టు బాధ్యత వహించినది ఆ లోయలోనే పుట్టిపెరిగిన ఒక నడివయసు స్త్రీ. ఆమె తండ్రియు పోకిప్సీ కర్మాగారములో పనిచేసినవాడట. జాబును త్రెంచివేయుదమని ఒక చిన్నవాడు సూచింపగా, ఆమె ఆ జాబు ఎన్ని వరుసలను మార్చియున్నదో, కడపట ఎప్పుడు కమిట్ చేసినదో, అనగా మార్పులను స్థిరపరచినదో, చూపుమని అడిగెను. గంటకు పైగా నడచినదానిని త్రెంచినచో డీబీ2 ఆ మార్పులనన్నింటిని ఒక్కటొక్కటిగా వెనుకకు త్రిప్పవలెను. అట్లు త్రిప్పుటకు, ముందుకు నడచినదానికంటె ఎక్కువ కాలము పట్టుట అరుదు కాదు. మా చీరాల ప్రాంతపు నేతగాడు ఎవరు పిలిచినను, నాడె పడుగులో సగము దూరమున నుండగా మగ్గము దిగడు; ఆ పేక అంచు చేరి, పన్నెతో కొట్టిన పిమ్మటనే లేచును. ఆమె విద్యుత్తు పనివారికి కబురు పంపి, మరి యరగంట కాలమును అడిగి పుచ్చుకొని, జాబును ముగియనిచ్చెను. గదిలో ఎవ్వరును తొందరపడలేదు. అధికారము గలవారు వేచియుండుటకు కూడ సాహసము కావలెనని నాకు ఆ యరగంటలో తోచినంతగా మరెన్నడును తోచలేదు.

డీబీ2 ఆగిన పిమ్మట నెట్‌వర్కు, దాని వెనుక జాబులను పంచిపెట్టు జెస్ 2. ప్రతి మెట్టుకును ఆపరేటరు నడచుచున్న పనుల జాబితాను కన్సోలుపై రప్పించి చూచుచుండెను. తెరనిండ బారులు తీరిన పేర్లు క్రమముగా తగ్గి, కడకు ఆపరేటింగ్ సిస్టము తన కొరకై ఉంచుకొన్న కొలదిమాత్రమే మిగిలినవి. జెస్ 2 సమాప్తమైనదన్న వార్త రాకముందు ముందుకు పోరాదని రన్‌బుక్కు ఎఱ్ఱసిరాతో చెప్పుచున్నది. అటుపిమ్మట జెడ్ ఈఓడీ అను ఆజ్ఞ. ఈ చిన్న ఆజ్ఞ విలువను తెలియనివారు దీనిని వదలివేయుటయు కలదట. దీనిచేతనే ఆనాటి పనుల నమోదులును, యంత్రదోషముల నమోదులును జ్ఞాపకమునుండి డిస్కుకు దిగును. దినాంతమున చిట్టాను పూర్తిచేయక పెట్టె తాళము వేయు గుమాస్తాను నేను మన్నింపజాలను. ఈ ఆజ్ఞను వదలువారిని గూర్చియు నా అభిప్రాయము అంతియే.

తరువాత వచ్చిన ఘట్టమును చూచుటకే ఇంతదూరము వచ్చితినేమో యనిపించెను. రెండు హాళ్ల ప్రొడక్షన్ పార్టిషన్లు సిస్‌ప్లెక్స్ అను ఒకే కూటమిగా నడచుచు, ఒకే డిస్కులను పంచుకొనుచున్నవి. వానిలో ఒకటి సెలవు పుచ్చుకొనునపుడు, మిగిలినవాటికి ఆ సంగతి తెలియవలెను. అందులకు కూటమినుండి ఫలాన సిస్టమును తొలగింపుమని ఆజ్ఞ యీయగా, ఆ సిస్టము తన పనిని నిలిపి, 0ఏ2 అను వెయిట్ స్థితిలోనికి పోవును. అప్పుడు బ్రతికియున్న సిస్టమొకటి తన కన్సోలుపై ఒక ప్రశ్నను నిలుపును: ఆ సిస్టము విరామమునకై వేచియున్నాను, దానిని రీసెట్ చేసిన పిమ్మట డౌన్ అని బదులీయుము. ఆపరేటరు ఆ ఒక్క పదమును టైపు చేసిన మరుక్షణమున, ఆగిన సిస్టము పట్టుకొనియున్న తాళములన్నియు విడువబడును, మిగిలిన సిస్టములు ఆ వనరులను తమవిగా గ్రహించును. ఆ పదము సత్యమైనచో సర్వము క్షేమము. అసత్యమైనచో, అనగా రీసెట్ కాకముందే పలికినచో, ఇంకను ప్రాణముతో నున్న సిస్టము డిస్కుపై వ్రాయుచుండగనే ఇంకొకటి అదే చోట వ్రాయనారంభించును. ఆ సమ్మిశ్రమును విడదీయుట ఎవ్వరికిని సాధ్యము కాదు. కొన్ని యేండ్లుగా యంత్రములే తోడి యంత్రపు స్థితిని స్వయముగా కనుగొను ఏర్పాటు వచ్చినది. అది అమర్చిన చోట ఈ ప్రశ్న సాధారణముగా రాదు. ఈ శాలలో అది ఇంకను పూర్తిగా అమరలేదు.

అందుచే వారు ఇట్లు చేసిరి. ఒకరు హార్డ్‌వేర్ మేనేజ్‌మెంట్ కన్సోలుకడ కూర్చుండి, ఎంచుకొన్న పార్టిషన్ పేరును బిగ్గరగా చదివిరి. రెండవవారు కాగితముపై నున్న పేరుతో సరిచూచి, అక్షరము అక్షరముగా మరల చదివిరి. ప్రొడక్షన్ పార్టిషన్ల పేర్లకు కడపటి అంకె ఒక్కటే భేదము; రెండవ హాలులోని పార్టిషన్లకు పొరపాటున చేయి తగులకుండ, పనిని భంగపరచు ఆజ్ఞలేవియు వానిపై చెల్లకుండ సాయంకాలమే తాళము వేసియుండిరి. రీసెట్ ముగిసినదని తెరపై కనబడిన పిదప, దానిని ఇద్దరును చూచిన పిదప, "రీసెట్ అయింది" అని ఒకరు పలుకగా, "నేనూ చూశాను" అని ఇంకొకరు పలుకగా, అప్పుడు డౌన్ అన్న మాట టైపు చేయబడెను. న్యాయస్థానమున సాక్షి పలుకు మాటయందు కూడ ఇంత జాగరూకతను నేను అరుదుగా చూచితిని. రెండవ ప్రొడక్షన్ పార్టిషనుకును ఇదే తంతు, ఇదే నిదానము. మొదటిది చక్కగా జరిగినదను ధైర్యముతో ఒక్క మాటనైనను తగ్గింపలేదు.

మిగిలినది కప్లింగ్ ఫెసిలిటీ. ఆ హాలులోని వారెల్లరు పోయినను, రెండవ హాలువారు దీనిలో నిల్పిన తాళపట్టికలు, ఉమ్మడి నిలువలు ఇంకను ఉండును, వీనిని స్ట్రక్చర్లందురు. ముందుగా దీనిని మరమ్మతు స్థితిలో నుంచి, స్ట్రక్చర్లను రెండవ హాలులోని జోడు ఫెసిలిటీకి తరలింపుమని ఆజ్ఞాపించిరి. పిమ్మట షట్‌డౌన్ అనగా, అది నిరాకరించెను. లోపల ఒక్క స్ట్రక్చరైనను మిగిలియుండగా ఈ పార్టిషన్ ఆ ఆజ్ఞను పాటింపదు. దీనికి ఈ నియమము నేర్పినవారెవ్వరో గాని వారికి నా నమస్కారములు. వెదకిచూడగా, ఒక స్ట్రక్చరుకు నివాసయోగ్యమైన చోట్ల జాబితాలో ఈ ఒక్క ఫెసిలిటీ పేరే వ్రాయబడియుండెను. వేరు చోటు తెలియనందున అది కదలలేదు. బలవంతముగా డియాక్టివేట్ చేయుట చేతిలోని పనియే, గాని వారు దానికి పూనుకొనలేదు. మా అబ్బాయి ఆ జాబితా గల పాలసీని సవరించి, జోడు ఫెసిలిటీ పేరును చేర్చి, దానిని అమలుపరచి, మరల తరలింపును కోరెను. ఈ మారు అది కదలిపోయెను; షట్‌డౌన్ నెరవేరెను.

ఆపైన మిగిలిన పనులు వేగముగా సాగినవి: పార్టిషన్లు డియాక్టివేట్ అయినవి, అన్నింటి ఎదుటను క్రియాశీలముగా లేదన్న సూచన కానవచ్చెను, యంత్రపు విద్యుత్తు తీసివేయబడెను. డిస్కుల పెట్టెను మాత్రము ఎవ్వరును ముట్టలేదు. దానికి వేరొక మార్గమున విద్యుత్తు వచ్చుచుండెను, రెండవ హాలు దానిమీదనే బ్రతుకుచుండెను. తెల్లవారుజామున విద్యుత్తు పని ముగిసిన పిదప ఆరోహణము అవరోహణమునకు విలోమముగా జరిగెను: యంత్రము, కప్లింగ్ ఫెసిలిటీ, ప్రొడక్షన్, తక్కినవి. ఉదయపు లావాదేవీలు ఆరంభమగునాటికి రెండు హాళ్లును సమముగా భారము మోయుచుండెను.

ఇతరులు చలికోటులు తగిలించుకొనుచుండగా ఆ స్త్రీ కుర్చీ కదలక, రన్‌బుక్కును తెరచి రెండు సవరణలు చేర్చెను. మూతకు పూర్వదినముననే ప్రతి స్ట్రక్చరు జాబితాలో రెండు ఫెసిలిటీల పేర్లును ఉన్నవో లేవో చూడవలెననునది మొదటిది. విద్యుత్తు గడువుకు మూడు గంటలు ముందుగా దీర్ఘమైన బ్యాచ్ జాబులను ప్రారంభింపనీయరాదనునది రెండవది. మా అబ్బాయి వానిని చదివి, మొదటిదానిలో ఒక ఆజ్ఞ పేరును సరిచేసెను; ఇద్దరును తేదీ వేసి సంతకములు చేసిరి.